ఇంటిలో చేసిన కిన్నెర: కాయకమా, వినోదమా?

తన దేహమునే వాద్యముగా మలచి వాయింపుమని బసవేశ్వరుడు కూడలసంగమదేవుని వేడిన వచనము వీరశైవ గృహములలో చాలమంది ఎరిగినదే. సభలలో దానిని ఉదహరించువారు భక్తుని సమర్పణభావమును వివరించి ముగింతురు. అది సత్యమే. కాని ఆ ప్రార్థనయందు మరియొక సంగతి ఇమిడియున్నది. వాద్యము కావలెనని కోరుట సులభము. వాద్యముగా చేయబడుట సులభము కాదు. దానికి ఎండవలెను, కోతకు లోబడవలెను, లోపలి గుజ్జునంతయు గోకించుకొనవలెను, అటుపిమ్మట తీగల బిగువును రాత్రింబగళ్లు ఓర్వవలెను. సొరబుర్రను, వెదురును చేతబట్టి పనిచేసినవానికి ఆ వచనము వేరొక విధముగా వినిపించుననుటలో సందేహము లేదు.

శరణుల చరిత్రలో కిన్నెరకు ప్రత్యేకస్థానము కలదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథ ప్రసిద్ధము. కిన్నెర వాయించి, తద్వారా లభించిన దానిని జంగమార్చనకు వినియోగించిన మహనీయు డాయన. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరములో కిన్నరీవీణను లఘ్వి, బృహతి అను భేదములతో వర్ణించెను. తెలంగాణమున డక్కలివారు వెదురుదండికి సొరబుర్రలు కట్టి, పండ్రెండు మెట్లు నిలిపి వాయించు కిన్నెర ఆ వంశమునకు చెందినదే. ఆ కళకు గాను 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ పురస్కారము లభించినది. కథలన్నియు వాయించిన చేతిని తలచును. చేసిన చేతిని తలచువారు తక్కువ.

ఇప్పుడు ప్రశ్న యేమనగా: ఒక గృహస్థుడు పగలు జీతమునకు పనిచేసి, సాయంకాలము ఇంటి వెనుక పంచలో ఒక బల్ల, ఒక రంపము, రెండు ఉలులు, ఒక ఆకురాయి పెట్టుకొని కిన్నెర చేయుచున్నాడనుకొనుడు. ఆ పనితో అతనికి పొట్ట గడువవలసిన అవసరము లేదు. అడిగినవారు లేరు, కొనువారు లేరు. అట్టి పని కాయకమగునా, లేక పొద్దుపోక చేయు వినోదమేనా?

కాయకము జీవనాధారమై యుండవలెను, దాని ఫలము దాసోహమునకు చేరవలెను అని పెద్దలు చెప్పుదురు. ఈ కొలతతో చూచినచో పెరటి కిన్నెర నిలువదని కొందరు వెంటనే తీర్పు చెప్పవచ్చును. ఆ తీర్పు చెప్పుటకు ముందు ఆ పని ఎట్టిదో కొంచెము చూడవలసియున్నది.

మొదట సొరకాయ. కూరకు వాడు సొర పనికిరాదు. చేదుసొర పెంకు దళసరిగా నుండును. తీగ ఎండువరకు కాయను తీగకే విడువవలెను. తొందరపడి పచ్చిగా కోసినచో పెంకు ముడుతలుపడి కుంగిపోవును. కోసిన పిమ్మట గాలి తగులుచోట నెలల తరబడి వ్రేలాడదీయవలెను. పైన బూజు పట్టును, తుడిచివేసిన చాలును. ఊపినప్పుడు లోపల గింజలు గలగలలాడినచో అది ఎండినది. వెదురు సంగతియు ఇట్టిదే. దానిలో పిండిపదార్థ ముండుటచే పుప్పిపురుగు చేరును. కావున కొన్ని వారములు నీట నానవేసి, నీడపట్టున మెల్లగా ఆరబెట్టుదురు. బుట్టలల్లిన మేదర కేతయ్యకు ఈ వెదురు స్వభావ మెంతగా తెలిసియుండెనో ఊహించుకొనవచ్చును.

తీగ సన్ననిది. ఒంటరిగా అది కదలింపగల గాలి స్వల్పము. గుర్రము మీదుగా తీగకంపము దండికి, దండినుండి బుర్రకు చేరి, బుర్ర పెంకును దానిలోని గాలియు కలిసి కదలినప్పుడే నాదము చెవిని చేరును. నడుమ ఒక్క అతుకు వదులుగా నున్నను కంపము అక్కడనే చచ్చును, లేదా చిటచిటమని రొద చేయును. బిరడ జారినచో సుద్దపొడి రాచి సరిచేయవచ్చును. వదులు అతుకును మాత్రము పైనుండి పూసిన రంగు దాచలేదు.

ఇక మెట్లు. ఇక్కడనే అసలు పరీక్ష. మేరువునుండి గుర్రమువరకు పలుకు తీగ పొడవు 72 సెంటీమీటర్లు అనుకొనుడు. అందులో సగము పలికినచో పై షడ్జమము, మూడింట రెండు వంతులు పలికినచో పంచమము, నాలుగింట మూడు వంతులు పలికినచో శుద్ధమధ్యమము. అనగా మేరువునుండి కొలిచినచో శుద్ధమధ్యమపు మెట్టు 18, పంచమపు మెట్టు 24, పై షడ్జమపు మెట్టు 36 సెంటీమీటర్ల వద్ద వచ్చును. చతుశ్రుతి రిషభము 8 వద్ద, అంతర గాంధారము 14.4 వద్ద. లెక్క ఇంత తేటగా నున్నది గదా యని మెట్లను అక్కడనే నిలిపినవాడు మొదటిసారి మీటగానే కలవరపడును. ఏలయన, వ్రేలు నొక్కినప్పుడు తీగ కొంచెము సాగి బిగువు పెరుగును. స్వరము లెక్కకంటె హెచ్చును. కావున చెవి చెప్పినట్లు మెట్టును మేరువు వైపునకు వెండ్రుకవాసి జరుపవలెను. ఇది స్వల్పవిషయము కాదు. పై షడ్జమపు మెట్టు 5 మిల్లీమీటర్లు తప్పినచో, ఒక స్వరస్థానమునకును దాని ప్రక్క స్వరస్థానమునకును గల ఎడములో సుమారు నాల్గవవంతు తప్పినట్లే. లెక్క ఇల్లు చూపును, తలుపు మాత్రము చెవియే తీయవలెను.

అదృష్టవశమున మెట్లు తేనెమైనముపై నిలుచును. మైనమును వెచ్చచేసినచో మెట్టు కదలును, చల్లారినచో నిలుచును. పెద్ద పనివాడు చేసిన వీణకైనను కొంతకాలమునకు మెట్లు తిరిగి సరిచేయవలసియే యుండును. తప్పు చేయువానిపై ఇంత దయగల పదార్థము పనివాని బల్లపై మరియొకటి కానరాదు. చెక్క యిట్టిది కాదు. ఎక్కువ చెక్కినదానిని తిరిగి అతికించుట ఎవరి తరము?

ఇప్పుడు పంచలోని గృహస్థుని యొద్దకు రావలెను. కిన్నెర పూర్తియైనది. నున్నగా రుద్ది, నూనె పూసి, దండి కొనకు చిన్న నెమలిని చెక్కినాడు. ఇంటివారు చూచి మెచ్చుకొనిరి. ఇరుగుపొరుగువారు వచ్చి, "ఎంత బాగున్నదండీ!" అనిరి. అందరును కంటితో చూచిరి. మీటి వినినవారైనను అతనియందలి ప్రేమచే వినిరి. ఇక్కడనే జీవనాధారమైన కాయకమునకును ఇట్టి పనికిని గల భేదము తేటపడుచున్నది. నులక పేనిన నులియ చందయ్య త్రాడు తెగినచో కొన్నవాడు మరునాడు వచ్చి గుమ్మమున నిలుచును. ఆ కొన్నవాడే పనివానికి గురువు. పెరటి పనివానికి ఆ గురువు లేడు. అమ్మకము లేని పనిలో అబద్ధము సులభముగా చొరబడును. ఆ అబద్ధమును ప్రేమగలవారు తెలియకయే పెంచుదురు. కావున జీతము లేకపోవుట దోషము కాదు గాని, దోషము చూపువాడు లేకపోవుట పెద్ద ప్రమాదము. ఆ స్థానమున తంతిని కూర్చుండబెట్టుకొనగలిగినచో ఆ పని కాయకమగును. లేనిచో అది వినోదమే, గోడకు తగిలించిన వీణవలె.

గోడకు తగిలించిన వీణ యనగా జ్ఞాపకము వచ్చుచున్నది. జీతగాడు ఇంటిలో వాద్యములు చేసినచో కులవృత్తిగా చేయువారి నోటి కూడు పోదా యని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమ్రానును తొలిచి వీణలు చేయు కుటుంబములు తరతరములుగా కలవు. వారి పనికి నకలు చేసి తక్కువ వెలకు అమ్మువాడు నిశ్చయముగా తప్పుచేసినవాడే. కాని స్వయముగా ఒక్క బుర్రను చెక్కి చూచినవాడు ఆ తరువాత గొల్లపల్లి వీణ వెలను బేరమాడలేడు. ఆ వెలలో ఎన్ని దినములు, ఎంత ధూళి, ఎంత వెన్నునొప్పి యున్నదో అతని చేతులకు తెలియును.

డక్కలివారి విషయమున మరింత కటువైన మాట చెప్పవలసియున్నది. కిన్నెర నాదమును ఊరిలోనికి రానిచ్చి, ఆ నాదము పలికించిన మనుష్యుని ఊరి వెలుపల నుంచిన సమాజమిది. కిన్నెర చేయుట నేర్చుకొనదలచిన గృహస్థుడు అట్టి పనివానిని వీధిలో నిలిపి అడుగునా, లేక తన పంచలోనికి పిలిచి, తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంటివారితో పాటు భోజనము పెట్టి అడుగునా? బసవన్న పేరు చెప్పుకొను ఇంటిలో ఈ ప్రశ్నకు రెండు జవాబు లుండరాదు. ఉన్నవని మాత్రము అందరును ఎరుగుదురు.

ఇక దాసోహము. ఆ గృహస్థుడు తన కిన్నెరను బసవజయంతినాడు మఠములోని భజనమండలికి సమర్పింతునని ముందుగానే మాట యిచ్చియున్నాడు. ఆ తొందరలో పూర్తిగా ఆరని వెదురును దండికి వాడినాడు. మూడు వారములకు దండి తీగల బిగువునకు వంగసాగినది. నడుమ తీగ ఎత్తైనది. నొక్కినచోటనెల్ల స్వరము హెచ్చుచున్నది, అందులోను ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క తీరున. మైనమును కరగించి మెట్లు జరిపినాడు. మరువారము దండి మరికొంత వంగినది, మెట్లు మరల తప్పినవి. మైనమునకు దయ కలదు గాని పచ్చివెదురు తప్పును అది మోయజాలదు.

జయంతి ఇక నాలుగు దినములు. ఇచ్చుట మానినచో మాట తప్పినవాడగును. ఇచ్చినచో? భజనలో ఎవరును గుర్తింపకపోవచ్చును. తాళముల హోరులో గాంధారము కొంచెము హెచ్చినదని అడుగువారెవరు? కాని మండలిలో పదేండ్ల బాలిక యొకతె కలదు. ఆమె చేతికే ఆ కిన్నెర పోవును. ఆమె చెవి ఆ తప్పు గాంధారమునే గాంధారమని నేర్చుకొనును. చెడిన అన్నము తిన్న బిడ్డ ఆ రాత్రియే బాధపడును, తల్లికి తెలియును. తప్పు స్వరము విన్న బిడ్డ ఏండ్లకుగాని బాధపడదు. అప్పటికి కారణమెవరో తెలియదు.

ఆయ్దక్కి మారయ్య అవసరమునకు మించి ఏరితెచ్చిన బియ్యమును లక్కమ్మ తిరిగి పంపిన కథ బాలబాలికలకు సైతము తెలిసినదే. ఆ బియ్యము దొంగసొత్తు కాదు, పుచ్చినవి కావు. వానితో వండబోవునది జంగములకే. అయినను ఆమె అంగీకరింపలేదు. ఇచ్చువాని ఉత్సాహము ఎంత గొప్పదైనను ఇచ్చు వస్తువునందలి దోషమును అది కడుగజాలదని ఆమె ఎరుగును. దానము చేయుటలోని తృప్తికొరకు దానము చేయువారు నేడు తక్కువ లేరు. మఠములకు చేరు వస్తువులలో, నిజము చెప్పవలెనన్నచో, ఇంటిలో పనికిరానివి కొన్ని యుండుట నిర్వాహకు లందరును చవిచూచినదే.

అయితే ఆ కిన్నెరను పొయ్యిలో పెట్టవలెనా? అక్కరలేదు. దండి వంగినను, నొక్కని తీగ అబద్ధమాడదు. బిరడ త్రిప్పి దానిని ఏ శ్రుతికైనను తేవచ్చును. మెట్ల వలన మాత్రమే తప్పు పుట్టుచున్నది. మూడవనాటి రాత్రి ఆ గృహస్థుడు మైనమును వెచ్చచేసి పండ్రెండు మెట్లను ఒక్కొక్కటిగా ఊడదీసినాడు. రెండు నెలల పని ఒక గంటలో ఊడినది. దండిపై నల్లని మైనపు మచ్చలు నిలిచినవి. వానిని గోకి తుడిచినాడు గాని పూర్తిగా పోలేదు. అటుపిమ్మట ఒక తీగను షడ్జమమునకు, ఒక తీగను పంచమమునకు బిగించి మీటినాడు. తప్పు లేని నాదము వచ్చినది, చిన్నది.

జయంతినాడు దానిని చేతికిచ్చుచు జరిగినదంతయు చెప్పినాడు. భజనమండలి పెద్ద దానిని త్రిప్పి చూచి, "మచ్చలేమయ్యా? మెట్లు లేక వాయించుటెట్లు?" అని అడిగెను.

"వాయించుటకు కాదండీ, శ్రుతికి. పాప పాడునప్పుడు ప్రక్కన మీటవచ్చును. మెట్లు పెట్టితిని, నిలువలేదు. వెదురు ఆరకుండ తొందరపడితిని."

"అందరి యెదుట ఇది చెప్పవలెనా?"

"చెప్పకున్న ఎవరైన మరల మెట్లు పెట్టుదురండీ."

పెద్ద మరి మాటాడలేదు. బాలిక దానిని ఒడిలో నుంచుకొని మీటుచుండగా పాట సాగినది. చూచినవారిలో కొందరు ఇంత మాత్రమునకు ఇన్ని నెలలా యని గుసగుసలాడిరి. వారి మాటయందును న్యాయము లేకపోలేదు. వెదురును ఆరనిచ్చియున్నచో పండ్రెండు మెట్లును నిలిచియుండెడివే.

ఆ గృహస్థుని పంచలో క్రొత్త వెదురు నీట నానుచున్నది. ఈసారి ఎవరికిని తేదీ చెప్పలేదు. దూలమునకు కట్టిన రెండవ సొరబుర్రను అతడు అప్పుడప్పుడు ఊపి చూచుచుండును. గింజలింకను గలగలలాడుట లేదు.