ప్రోషితుడి ఋణం

జ్ఞానాన్ని వెతుక్కుంటూ పుట్టిన ఊరినీ ఇంటివారినీ విడిచి దూరనగరంలో స్థిరపడటం ధర్మాన్ని నెరవేర్చడమా, ధర్మం నుంచి తప్పుకోవడమా అన్న ప్రశ్నను ఈ కాలపు ఉద్యోగ సమస్యగా భావించడం పరిపాటి అయినా, ధర్మశాస్త్రాలు దాన్ని ఎంతో ముందుగానే పట్టించుకున్నాయి. ఇల్లు విడిచి పరస్థలంలో ఉండటం ప్రవాసం, అలా ఉన్నవాడు ప్రోషితుడు. ఈ రెండు మాటలకూ మూలం నివసించడమనే అర్థమున్న ‘వస్’ ధాతువు. సన్న్యాసానికి వాడే ‘ప్రవ్రజ్య’ మాత్రం వెళ్లిపోవడమనే అర్థమున్న ‘వ్రజ్’ ధాతువు నుంచి వచ్చింది. ఈ తేడా వ్యాకరణంతో ఆగేది కాదు. సన్న్యాసి తన శ్రాద్ధం తానే పెట్టుకుని వెళతాడు కనుక ఇంటివారికి ఎంత దుఃఖం మిగిలినా ఎదురుచూపు మిగలదు. ప్రోషితుడు ఎక్కడున్నా కొడుకుగా, భర్తగా, తండ్రిగా ఇంటి లెక్కలో ఉంటూనే ఉంటాడు కాబట్టి అతని కోసం ఎవరో ఒకరు వీధివైపు చూస్తూనే ఉంటారు. శాస్త్ర పరిశోధన కోసం ఊరు విడిచేవారికి సన్న్యాసి ఏకాగ్రత కావాలి, కానీ వారు వెళ్లేది ప్రోషితులుగానే. చిక్కంతా అక్కడే ఉంది.

1895లో భీమవరంలో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవితంలో ఈ చిక్కు కనిపించినంత స్పష్టంగా మరొకచోట కనిపించడం అరుదు. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నా తల్లి అనుమతి దొరకక ఆయన వైద్యవిద్య వైపు మళ్లారు. 1919లో శేషగిరిని వివాహమాడారు. 1922లో ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయడానికి బోస్టన్ నగరంలోని హార్వర్డ్‌కు వెళ్లారు. ఆ తర్వాత పుట్టి పసితనంలోనే పోయిన కొడుకును ఆయన చూడనే లేదు. 1948 ఆగస్టులో అమెరికాలోనే మరణించేవరకు, 26 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన స్వదేశానికి రాలేదు.

శేషగిరికి మిగిలిన ఇటువంటి నిరీక్షణ గురించి మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం ఒక లెక్క చెబుతుంది: ధర్మకార్యం కోసం వెళ్లిన భర్త కోసం ఎనిమిదేళ్లు, విద్య కోసమో కీర్తి కోసమో వెళ్లినవాని కోసం ఆరేళ్లు, కామం కోసం వెళ్లినవాని కోసం మూడేళ్లు భార్య ఎదురుచూడాలి. ఆ గడువు తీరాక ఆమె ఏం చేయాలన్న విషయంలో వ్యాఖ్యాతలు ఏకీభవించలేదు. భర్త ఉన్నచోటికే వెళ్లాలన్నది వారిలో కొందరి తీర్పు. విద్యనూ కీర్తినీ ఒకే గడువు కింద చేర్చడంలో స్మృతికర్త చూపు ఎంత నిశితమో గమనించాలి, ఎందుకంటే ప్రయోగశాలలో అర్ధరాత్రి దాటేదాకా కూర్చున్నవానిని కూర్చోబెట్టింది తెలుసుకోవాలన్న తపనా, పేరు రావాలన్న కోరికా అన్నది చాలాసార్లు అతనికే తెలియదు. ఆ లెక్క ప్రకారం శేషగిరి ఎదురుచూడవలసిన గడువు 1928తో తీరింది. భర్త ఉన్నచోటికి వెళ్లాలన్నా 1917 నాటి అమెరికా చట్టం భారతీయుల వలసకు తలుపులు మూసి, విద్యార్థుల వంటి కొందరినే లోపలికి రానిచ్చింది. ఎదురుచూసే స్త్రీ ఆటలూ అలంకారమూ, ఉత్సవాలూ నవ్వులూ, పరుల ఇళ్లకు వెళ్లడమూ మానుకోవాలని యాజ్ఞవల్క్యస్మృతి విధించింది; కావ్యాలు ఆమెనే ప్రోషితభర్తృక అనే నాయికగా చేసి ఆ విరహాన్ని సౌందర్యంగా చూపాయి. విధించినదీ వర్ణించినదీ ఆమె స్థితినే గాని, ఆమె మాట ఏమిటన్నది ఆ రెండుచోట్లా వినిపించదు.

బోస్టన్‌లో జరిగిన పని స్వభావాన్ని కూడా దగ్గరగా చూడాలి. అక్కడి జీవరసాయన శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1925లో ప్రకటించిన పద్ధతిలో, మాంసకృత్తులు తొలగించిన రక్తద్రవానికి ఆమ్లంలో కలిపిన మాలిబ్డేట్‌నూ, క్షయకరణం చేసే మరో రసాయనాన్నీ చేర్చితే గాజునాళికలో నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఉంటే ఆ నీలం అంత చిక్కన, దాన్ని తెలిసిన మోతాదున్న నమూనా రంగుతో పోల్చి భాస్వరాన్ని లెక్కకడతారు. ఆ నీలాన్ని చూసే కన్ను ఆ క్షణంలో మరి దేనివైపూ తిరగలేదు. ఈ పద్ధతి తోడ్పాటుతోనే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది.

ఈ పనిని సమర్థించడానికి సంప్రదాయంలో ఆధారం లేకపోలేదు. మనిషి కొన్ని బాకీలతోనే పుడతాడన్నది ఋణసిద్ధాంతం: తైత్తిరీయ సంహిత మూడు చెప్పింది, వాటిలో ఋషిఋణం అధ్యయనంతో, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతాయి, శతపథ బ్రాహ్మణం తోటి మనుషులకు తీర్చవలసిన మనుష్యఋణాన్ని నాలుగోదిగా చేర్చింది. తర్వాత అమెరికాలోనే పెరల్ రివర్‌లోని లెడర్లే ఔషధ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వాన 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. ఆయన సోదరుని బలిగొని, ఆయననూ మృత్యువు అంచుదాకా తీసుకువెళ్లిన స్ప్రూ అనే గ్రహణివ్యాధికి అది మందయింది. బోదకాలుకు కారణమైన సూక్ష్మక్రిములను రక్తం నుంచి తొలగించే హెట్రజాన్ కూడా అక్కడిదే. డైఇథైల్‌కార్బమజైన్ అనే అసలు పేరుతో అదే మందును 2004 నుంచి భారత ప్రభుత్వం ఏటా ఇంటింటికీ పంచింది. ఆరోగ్య కార్యకర్త గుమ్మంలో నిలబడి, భోజనం చేశారా అని అడిగి, మాత్రలు తన ఎదుటే మింగించిన ఊళ్లలో ఆయన పుట్టిన గోదావరి డెల్టా ఊళ్లూ ఉన్నాయి. ఋషిఋణమూ మనుష్యఋణమూ ఇంత నిండుగా తీర్చినవారు ఏ దేశంలోనైనా కొద్దిమందే ఉంటారు.

అయితే ఋణమన్న మాటను ఎంచుకున్న సిద్ధాంతం దాని నియమాన్ని కూడా పాటించాలి: ఒకరికి తీర్చిన బాకీ మరొకరి పత్రం మీద చెల్లు వేయించుకోవడానికి పనికిరాదు. కోట్ల మందికి మేలు జరిగిందన్న కారణంతో శేషగిరికి రావలసినది చెల్లిపోయిందని చెప్పే జీవితచరిత్రలు ఆయనను గౌరవిస్తున్నామనుకుంటూ ఆయన త్యాగాన్నే తేలిక చేస్తున్నాయి, ఎందుకంటే తీరకుండా మిగిలిన బాకీని ఒప్పుకున్నప్పుడే ఆ పనికి ఎంత వెల పడిందో తెలుస్తుంది. శంకరవిజయ కథలలో సన్న్యాసి అయిన శంకరుడే తల్లి అంత్యక్రియల కోసం కాలడికి తిరిగివచ్చాడన్నది గుర్తుంచుకోవాలి. సంప్రదాయం అన్నీ తెంచుకున్నవానికి కూడా ఒక బాకీని మిగిల్చే ఉంచింది.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి బెంగళూరుకో, అక్కడినుంచి మరో దేశానికో డాక్టరేట్ తర్వాతి పరిశోధన కోసం వెళ్లేవారికి వచ్చే నియామకపత్రంలో రెండేళ్లనో మూడేళ్లనో గడువు రాసి ఉంటుంది. అది ప్రయోగశాలకు సంబంధించిన గడువు. ఇంట్లోని వృద్ధులకు ఆ పత్రం ఏమీ చెప్పదు. వెళ్లేవారిలో స్త్రీలూ ఉన్న ఈ కాలంలో మను శ్లోకం మరింత అసంపూర్ణం, ఎందుకంటే భార్య ఎన్నేళ్లు ఆగాలో లెక్కకట్టిన ఆ శ్లోకంలో, పరిశోధనకు వెళ్లిన భార్య కోసం భర్త ఎన్నేళ్లు ఆగాలన్నదానికి సంఖ్య లేదు. ఆ సంఖ్య ప్రయాణానికి ముందు ఆ ఇంట్లోనే, ఆగవలసినవారి నోట రావలసి ఉంది.