పల్లంలో ఇల్లు ఎవరి కర్మ?

వరదలో మునిగినవాళ్లను చూసి "పాపం, వాళ్ల ఖర్మ" అనడం మనకు అలవాటు. త్రిశరణాలు చెప్పుకునే ఇళ్లలో కూడా ఈ మాట ఇంకా పోలేదు.

రాజగృహ వేణువనంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు తథాగతుణ్ణి ఈ సంగతే అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనేనని కొందరు శ్రమణ బ్రాహ్మణులు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువు మార్పు, అజాగ్రత్త, పరుల దాడి అని ఏడు కారణాలు చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదోదిగా చివర ఉంచాడు. సంయుత్త నికాయంలో ఉన్న మాట ఇది. ఋతువు చేసేదాన్నీ, పరులు చేసేదాన్నీ ఆయన వేరువేరుగా లెక్కపెట్టాడు. వాన కురవడం ఋతువు పని. ఆ నీరు ఎవరింట్లో నిలవాలన్నది ఎవరి పని?

ఈ ప్రశ్నను విశ్వవిద్యాలయాలు చాలా ఆలస్యంగా అందుకున్నాయి. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1976లో 'నేచర్' పత్రికలో రాస్తూ, ప్రకృతి వైపరీత్యం అన్న మాటలో ప్రకృతి పాలు మనం అనుకున్నంత లేదన్నారు. తుఫాను ప్రకృతిదే. అది చావుగా మారడం మాత్రం మనుషులు ఎక్కడ, ఎలాంటి ఇంట్లో, ఎంత లేమిలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్ నగర్ ప్రాంతాన్ని ముంచింది. మునిగినవాటిలో వాంబే కాలనీ ఒకటి. వాంబే అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన, మురికివాడల పేదలకోసం 2001లో కేంద్రం తెచ్చిన గృహ పథకం. బాబాసాహెబ్ పేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి, చివరికి నీళ్లలో నిలబడింది. నీరు కులం అడగలేదు, నిజమే. చుట్టుపక్కల కలిగినవాళ్ల ఇళ్లలోకీ వచ్చింది. అయినా పేదల కాలనీకి ఏటి పల్లాన్ని ఎంచింది నీరు కాదు. పేదలకు స్థలం అనగానే చవక భూమి వెతుకుతారు. నీళ్లు నిలుస్తాయి గనుకనే అది చవక. రాజమండ్రి వైపు అలాంటి పల్లపు నేలను ఆవ అంటారు. అక్కడి ఆవ భూముల్లో ఇళ్ల స్థలాల వ్యవహారం 2020లో హైకోర్టు దాకా వెళ్లింది.

ఇది కొత్త అలవాటూ కాదు. చండాలుడి నివాసం ఊరి బయటేనని మనువు రాసిపెట్టాడు. ఊరి మురుగు దిగే వైపు మన గూడేలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పూర్వజన్మ కర్మ అనే సిద్ధాంతం పేదల దుస్థితికి బాధ్యత నుంచి రాజ్యాన్నీ సమాజాన్నీ తప్పిస్తుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో ఎత్తిచూపారు.

చదువుకున్నవాళ్లు ఇప్పుడు ఖర్మ అనరు. "వాళ్లంతట వాళ్లే కాలవ గట్టున కట్టుకున్నారు" అంటారు. నాకు రెండూ ఒకటే. కూలి దొరికే అడ్డాకు నడిచి వెళ్లగలిగే చోటు గట్టు ఒక్కటే అయితే, అక్కడ గుడిసె వేసుకోవడాన్ని ఎంపిక అనవచ్చా? మెరకలో పట్టా ఇచ్చి, పనికి ఇరవై కిలోమీటర్లు దూరం చేస్తే ఆ కుటుంబం మళ్లీ గట్టుకే వస్తుంది. తప్పు మళ్లీ వాళ్లదే అవుతుంది.

బుద్ధుడు సంకల్పాన్నే కర్మ అన్నాడు. ఆ లెక్కన ఏటిని పూడ్చి ప్లాట్లు వేసినవాడిదీ, సంతకం పెట్టినవాడిదీ కర్మే. పులిహోర పొట్లాలు పంచి ఇంటికొచ్చి పడుకున్న మనదీ. దానం వద్దనడం లేదు, ఆ పూటకు అదే ప్రాణం. కానీ మీ వాడకు స్థలాలు కొలవడానికి సర్వేయర్ వచ్చినరోజున మీరూ వెళ్లండి. పోయిన వానాకాలం ఈ సర్వే నంబర్‌లో నీళ్లు ఎంత లోతున, ఎన్నాళ్లు నిలిచాయో అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.