గూటియెదుట ఆగిన అడుగు

పఠనభాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7, లూకా 13:34



ధర్మశాస్త్రములో మిక్కిలి చిన్న ఆజ్ఞ యొకటి గలదు. దారిని పోవువానికి అనుకొనకుండ పక్షిగూడొకటి తటస్థపడి, తల్లి అందులో పొదుగుచుండినచో, తల్లిని పిల్లలను కలిపి పట్టుకొనుట తగదు, తల్లిని పోనియ్యవలెను. పిల్లలను తీసికొనుటకు ఆజ్ఞ సెలవిచ్చెను గదా అని మీరందురేమో. నిజమే, ఆకలిగొన్న జనమునకు అది అనుమతి. అయితే ఆ అనుమతికి దేవుడొక హద్దు గీచెను. మన చేతికందిన సమస్తమును మనది కాదని ఆ హద్దు బోధించుచున్నది.

ఈ ఆజ్ఞకు జతపరచబడిన వాగ్దానము ఆశ్చర్యకరమైనది. తలిదండ్రులను సన్మానించువానికి ఏ మేలు, ఏ దీర్ఘాయువు చెప్పబడెనో (5:16), గూటియెదుట చేయి వెనుకకు తీసికొనినవానికిని అవియే చెప్పబడెను. యూదుల మిష్నా గ్రంథమందు హుల్లిన్ అను భాగములో పండితులు దీనిని ఒక ఇస్సారు పాటి తేలికైన ఆజ్ఞగా ఎంచి, ఇంత చిన్నదానికే ఇట్టి ప్రతిఫలముండగా గొప్ప ఆజ్ఞల ప్రతిఫలమెంత యని తర్కించిరి. ఇస్సారు స్వల్పమైన నాణెము. మన ప్రభువు రెండు పిచ్చుకల వెలను చెప్పినచోట (మత్తయి 10:29) గ్రీకులోనున్న అస్సారియోను అను మాట ఆ నాణెపు పేరే. మన తెలుగు బైబిలు దానిని కాసు అనెను. లోకము కాసు వెలకట్టినదానిమీద తండ్రి తన దృష్టి నిలిపియున్నాడు.

ఈ ఆజ్ఞను గ్రంథములలో పరిశీలింపకమునుపే నేను దానిని మీరితిని. శ్రీకాకుళము జిల్లానుండి ఉక్కు కర్మాగారపు పనికై వచ్చి జంషెడ్‌పూరులోని సాక్చియందు స్థిరపడిన తెలుగు కుటుంబములలో మాదియు ఒకటి. నాకు పదునాలుగేండ్ల ప్రాయమున, వేసవి సెలవులలో, నేనును నా స్నేహితుడును సువర్ణరేఖ ఒడ్డున తీతువు గూటిని కనుగొంటిమి. గూడనుటకు అచ్చట పుల్లయైనను లేదు. గులకరాళ్ల నడుమ చిన్న పల్లము, అందులో రాళ్ల రంగుగల నాలుగు గుడ్లు, అంతే. తీతువు కూత అపశకునమని మన పెద్దలు భయపడుదురు. పాపము, అది అరచుట మన చావుకొరకు కాదు, తన పిల్లల బ్రదుకుకొరకే.

తల్లి తిరిగివచ్చి పొదుగుట చూడవలెనని మేము పది అడుగుల దూరమున కూర్చుంటిమి. అది మా తలలపైన తిరుగుచు అరచుచునే యుండెను. ఎండ నడినెత్తికి వచ్చినను మేము లేవలేదు. మేము రాయి విసరలేదు, గుడ్డును ముట్టలేదు. మాకు ఆ పక్షిమీద ప్రేమయే యుండెను. వారము దినములకు మరల పోగా గుడ్లు అచ్చటనే యుండెను, తల్లి లేదు. మండుటెండలో తీతువు తన రొమ్ము ఈకలను నీట తడిపికొని వచ్చి గుడ్లను చల్లబరచునని చాలకాలమునకు చదివితిని. ఆనాడు మేము కూర్చుండి అడ్డగించినది ఆ నీటినే.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ‘వేట’ అను మాటకు అర్థము చెప్పుచు, అడవి పక్షుల గుడ్లను పాడుచేయుటను, వాటి గూళ్లకు అలజడి కలిగించుటను సైతము ఆ మాటలోనే చేర్చెను. తుపాకి లేకుండనే మేము వేటాడితిమి.

గడచిన సంవత్సరము మా సంఘ యౌవనులు కొందరు నన్ను సమీపించి, ఏటియొడ్డున గూళ్లను ఫొటో తీయుటకు చోటు చూపుమని అడిగిరి. వారికి నేనీ సంగతి చెప్పి, నా దుర్భిణి ఇచ్చి, మాటు కట్టుకొను విధము తెలిపితిని. పక్షులను చూచువారు కొమ్మలతోను గోనెపట్టాలతోను మాటు కట్టుకొందురు. వేటగాని మాటును అట్లే యుండును. రెంటిని వేరుచేయునది లోపల కూర్చున్నవాని హృదయమే. ఒకడు పక్షి చిక్కవలెనని దాగును. మరియొకడు పక్షి బెదరకుండవలెనని దాగును. కావున చూచువాని మాటును మనము కాపాడవలెను. దానిని గూటికి దూరముగా కట్టవలెను. దాని కొమ్మలను వంటచెరకుకై ఎవరును విరువకుండ చూడవలెను. గూడున్న చోటును నలుగురిలో చాటరాదు.

మా తలిదండ్రుల జిల్లాలో టెక్కలికి సమీపమున తేలినీలాపురమను గ్రామము గలదు. శీతకాలమున అచ్చటి ఇండ్ల నడుమనున్న చెట్లపైన గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును గూళ్లు కట్టును. గ్రామస్థులు రెట్టల కంపును చేపల నీచును సహించి వాటిని కాచుకొందురు. వాటిని సైబీరియా అతిథులని పలువురందురుగాని, ఆ రెండు జాతులును మన దేశములో గూళ్లుకట్టి పిల్లలను పెంచునవే. మన బైబిలు అనువాదకులు గూడబాతు అను పేరును 102వ కీర్తనలో అడవిలోనున్న ఏకాకికి సాదృశ్యముగా వాడిరి. తేలినీలాపురములో ఆ పక్షికి ఇరుగుపొరుగు దొరకెను!

అయినను 2021-22 శీతకాలమున అచ్చట నూరుకు మించిన గూడబాతులు చనిపోయెను. ఎవరును చెట్టు నరుకలేదు. చేపలద్వారా కడుపులో చేరిన పురుగులే కారణమని పరీక్షించినవారు చెప్పిరి. దూరముగా నిలుచుట వేరు, విడిచిపెట్టుట వేరు. చెట్టును కాచినవారు, తల్లి మేత తెచ్చు చెరువునుకూడ కనిపెట్టవలసియున్నది.

ప్రియులారా, మనుష్యుల గూళ్లయెదుట మనమెట్లు నిలుచుచున్నాము? బిడ్డను పోగొట్టుకొనిన తల్లి యింటికి మనము ప్రేమతోనే పోవుదుము. పోయి, ఎట్లు జరిగెను, ఏ వైద్యుని చూపితిరి అని ప్రశ్నమీద ప్రశ్న వేయుదుము. క్రొత్తగా విశ్వసించిన యౌవనుని, ఆ విశ్వాసము ఇంకను గుడ్డులోనుండగనే, వేదికపైకి పిలిచి సాక్ష్యము చెప్పుమందుము. మన యుద్దేశము మంచిదే. నా పదునాలుగేండ్ల ఉద్దేశమును మంచిదే. ఆ తల్లికి నీళ్లు తెచ్చుకొను దారి మనము విడిచితిమా యనునదే ప్రశ్న.

యెరూషలేమును తల్లికోడివలె రెక్కలక్రింద చేర్చుకొనగోరిన ప్రభువు, అది ఒల్లకపోగా దానిని బలవంతపెట్టలేదు; దానినిచూచి కన్నీరు విడిచెను (లూకా 19:41). ఆయన మన తలుపు తట్టునేగాని పగులగొట్టడు (ప్రకటన 3:20). తలవాల్చుటకు చోటులేని ఆయన (లూకా 9:58) మన గూటి మర్యాదను కాపాడుచున్నాడు. మనలను విడిచిపోకయు నున్నాడు. అట్టి ప్రేమను నేర్చుకొందము.

ప్రార్థన: పిచ్చుకను మరువని తండ్రీ, ఆ నాలుగు గుడ్లను నేను తిరిగి తేలేను, నన్ను క్షమించుము. ఎక్కడ ఆగవలెనో మా పాదములకు నేర్పుము. ఆగినచోటనుండి మెలకువగా కావలియుండు మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.