కొలువులో ఎద్దు, చావిడిలో ఎద్దు

ప్రతిమను అసలుగా భావించి ఆదరించడం జ్ఞానమా, అజ్ఞానమా అన్న చర్చ భారతీయ తత్త్వశాస్త్రంలో చాలా పాతది. ఆ చర్చ సాధారణంగా గుడి చుట్టూ, మూలవిరాట్టు చుట్టూ తిరుగుతుంది. అక్కడ భక్తుని కంటికి విగ్రహం ఒక్కటే కనబడుతుంది గనుక, దానిని అసలు వస్తువుతో సరిపోల్చి చూసే వీలు ఉండదు. పశుపోషకుని ఇంట ఈ ప్రశ్న మరో రూపం ధరిస్తుంది. జోడెడ్ల బండిని, నాగలి కట్టిన కాడిని, దూడను కట్టి పాలు పితికే ఇల్లాలిని, గడ్డివామిని బొమ్మలుగా ఏటేటా కూర్చుకొనే రైతు, వేకువజామునే లేచి ఆ బొమ్మల అసళ్ల నడుమ పేడ ఎత్తవలసినవాడు. అసలూ ప్రతిమా ఒకే పెరట్లో ఉన్నప్పుడు ఆ ప్రతిమ దేనికి పనికివస్తుంది, అది అసలుకు మేలు చేస్తుందా, చేటు చేస్తుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లా ఈ పరిశీలనకు అనువైన నేల. మిరప, పత్తి పండే ఈ ప్రాంతంలో పంట చేతికి రాని ఏడు ఇంటిని నిలబెట్టేది పాడి. మాచర్ల పేరును ఒక గొర్రె జాతి మోస్తున్నది. మూపురం, గంగడోలు అందంగా అమరిన ఒంగోలు ఎద్దును సొంత ఇంటి పేరంత గర్వంగా చెప్పుకొనే కుటుంబాలకు ఇక్కడ కొదవ లేదు. సంక్రాంతి వచ్చిందంటే కోస్తా జిల్లాల్లోని అనేక ఇళ్లలో మాదిరిగానే ఇక్కడా కొన్ని ఇళ్లలో బొమ్మల కొలువు తీరుతుంది. కొలువు అంటే బేసి సంఖ్యలో మెట్లు కట్టి, వాటిపై దేవతల బొమ్మలను, పల్లె బ్రతుకు బొమ్మలను వరుసగా అమర్చి, పేరంటం పిలిచి హారతి ఇచ్చే వేడుక. ఏటా ఒక్క కొత్త బొమ్మనైనా చేర్చాలన్న ఆనవాయితీ ఉండడం వల్ల ఈ వేడుక తరతరాల సేకరణగా పెరుగుతుంది. ఆ మెట్లపై తరచుగా కనబడే కొండపల్లి ఎడ్లబండిని దగ్గరగా చూస్తే, తేలికైన తెల్ల పొణికి కర్రతో ఎద్దు ఒళ్లు, కాళ్లు, కొమ్ములు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు దిద్దిన తీరు తెలుస్తుంది. మూపురం ఎత్తు, మెడ వంపు పశువును రోజూ చూసేవాడి కంటికి కూడా నచ్చేటంత కచ్చితంగా ఉంటాయి. కొలువు ఇంకా ఎత్తకముందే కనుమ వస్తుంది. ఆనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, పొంగలి తినిపించి, అదే హారతి పళ్లెంతో చావిడిలో వాటికీ హారతి ఇస్తారు. ఒక్క పండుగలోనే బొమ్మ ఎద్దుకూ బ్రతికిన ఎద్దుకూ పూజ జరుగుతున్నదన్న మాట.

ఈ రెండు పూజల నడుమ ఉన్న వైరుధ్యాన్ని తెలుగులో అందరికంటే పదునుగా ఎత్తి చూపినవాడు వేమన. రాతి బసవని కనబడితే మొక్కి, ప్రాణమున్న బసవని కనబడితే బాదే భక్తులను ఆయన పాపులుగానే లెక్కించాడు. కన్నడ దేశంలో బసవన్న సైతం, రాతి నాగుపామును పాలు పోసి కొలిచి నిజమైన పాము ఎదురైతే కర్ర ఎత్తే లోకాన్ని ఇదే విధంగా నిలదీశాడు. ఈ విమర్శను పైపైన చదివినవారికి ప్రతిమలన్నీ వదిలిపెట్టమని చెప్పినట్లు తోస్తుంది. నిదానించి చూస్తే అందులో తప్పుపట్టినది మొక్కడాన్ని మాత్రమే అనుకోవడానికి వీలు లేదని, మొక్కినవాడే కొట్టడాన్ని అని, అంటే ప్రతిమ దగ్గర అలవడిన గౌరవం అసలు దగ్గరకు చేరకపోవడాన్ని అని బోధపడుతుంది. బొమ్మకు దక్కిన మర్యాద చావిడి దాకా నడిచి వెళ్లిందా లేదా అన్నదే వేమన వేసిన ప్రశ్న.

దీనికి శాస్త్రీయమైన చట్రం బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదటి పాదంలో దొరుకుతుంది. అక్కడి చర్చ ప్రతీకోపాసనను గురించినది. ప్రతీకం అంటే మరొకదానికి గుర్తుగా నిలిచే వస్తువు. ఒక పరిమిత వస్తువును ఆధారంగా చేసుకొని అంతకంటే గొప్పదానిని భావించడం ప్రతీకోపాసన. మనస్సును, ఆకాశాన్ని, సూర్యుణ్ణి బ్రహ్మంగా భావించమని ఉపనిషత్తులు చెప్పినప్పుడు, దేనిని దేనిగా చూడాలి అన్న సందేహం కలుగుతుంది. తక్కువదానిని ఎక్కువగా చూడాలే గాని ఎక్కువదానిని తక్కువగా చూడరాదని సూత్రకారుని నిర్ణయం. దీనిని వివరిస్తూ శంకరాచార్యులు, రాజోద్యోగిని రాజుగా భావించి మన్నించడం లోకంలో ఉన్నదేనని, రాజును ఉద్యోగిగా భావించడం మాత్రం కీడు తెచ్చిపెడుతుందని భాష్యం చెప్పారు. ఈ నియమానికి వేదాంతం బయట కూడా చోటున్నది. కర్ర ఎద్దును ప్రాణమున్న ఎద్దుగా చూసి దండం పెట్టడం ఉత్కర్ష, అనగా పైకి తీసుకుపోయే చూపు. ప్రాణమున్న ఎద్దును కర్ర ఎద్దుగా చూడడం అపకర్ష, అనగా కిందికి దించే చూపు. ప్రతిమ మంచిచెడులను దాని ఆకారం నిర్ణయించదు, చూపు నడిచే దిశ నిర్ణయిస్తుంది.

ఇదే చోట భ్రాంతికీ ఉపాసనకూ ఉన్న తేడా గుర్తించవలసి ఉన్నది. ఒకదానిపై లేనిదానిని తెలియక ఆరోపించడాన్ని వేదాంతులు అధ్యాస అంటారు. ముత్యపుచిప్పను వెండి అనుకోవడం దానికి వాడుకలో ఉన్న ఉదాహరణ. ఉపాసనలోనూ ఆరోపణ ఉన్నది గాని అది తెలిసి చేసేది. ఈ తేడాను పుస్తకం అక్కర లేకుండానే చూపించే ఘట్టం ఒకటి పాడి రైతు బ్రతుకులో ఉన్నది. దూడ చనిపోయిన గేదె చేపదు. చేపడం అంటే దూడ మూతి తగిలినప్పుడు పాలు పొదుగులోకి దిగడం. అటువంటప్పుడు చనిపోయిన దూడ తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టి, పితికే వేళకు తల్లి ముందు నిలబెట్టడం పాత పద్ధతి. కళ్లు లేని, కాళ్లు సరిగా ఆనని ఆ గడ్డి దూడను గేదె వాసన చూస్తుంది, ముట్టెతో తడుముతుంది, నాకడం మొదలుపెడుతుంది. కాసేపటికి చన్నులు బిగిసి పాలధార పడుతుంది. పశుపోషకుని ఇంట తయారైన ప్రతిమలన్నిటిలో ఇదే అతి పురాతనమైనది కావచ్చు, అతి దుఃఖకరమైనదన్నది మాత్రం నిశ్చయం. ఇక్కడ గేదెది అధ్యాస, ఎందుకంటే దానికి నిజం తెలియదు. కొలువు ముందు హారతి పట్టిన ఇల్లాలిది ఉపాసన, ఎందుకంటే అది కర్ర అని తెలిసే ఆమె పళ్లెం ఎత్తింది. గడ్డి దూడను నిలబెట్టిన రైతుది ఈ రెండూ కావు. అతనికి నిజం తెలుసు, ఎదుటి ప్రాణికి తెలియకపోవడమే అతని అవసరం. పొదుగు గట్టిపడి పశువు బాధపడకుండా ఉండడానికి ఆ పని చేశాడని కొంత సమర్థించవచ్చు గాని, ప్రతిమ గౌరవానికే కాక వంచనకూ అంతే చక్కగా ఉపయోగపడుతుందన్న సత్యం మిగిలే ఉంటుంది. ఆ గడ్డి దూడ స్థానంలో చట్టం ఒప్పుకోని సూదిమందును పొడిచి పాలు దించుకొనే నేటి దురలవాటు, ఆ కాస్త తల్లి ప్రేమను కూడా అనవసరం చేసింది.

సేకరణ అన్నప్పుడు పరిగ్రహం మాట రాక తప్పదు. పరిగ్రహం అంటే నాది అని పోగు చేసుకోవడం. జైనులు గృహస్థు పరిమితి విధించుకోవలసిన ఆస్తుల పట్టికలో ధనధాన్యాలతోపాటు చతుష్పదాలను, అనగా నాలుగు కాళ్ల పశువులను కూడా చేర్చారు. అయితే పరిగ్రహమంటే వస్తువు కాదని, వస్తువుపై కలిగే మూర్ఛ అని, అంటే ఒళ్లు తెలియని తగులం అని తత్త్వార్థసూత్రం నిర్వచించింది. ఈ లెక్కన పది గేదెలున్నవాడికి లేని మూర్ఛ పది బొమ్మలున్నవాడికి ఉండవచ్చు. బొమ్మకు గాలికుంటు రాదు, గొంతువాపు రాదు. అది వట్టిపోదు, ఈనేటప్పుడు అర్ధరాత్రి లేపదు, ముసలిదై సంతకు తోలే పాపపు ఆలోచన పుట్టించదు. చావు లేని మందను కోరుకోవడం మనిషికి కొత్త కూడా కాదు. ఈజిప్టులో మెకెత్రే అనే అధికారి సమాధి నుంచి 1920లో మెట్రోపాలిటన్ మ్యూజియం పరిశోధకులు బయటకు తీసిన కర్ర నమూనాల్లో పశువుల కొట్టం, పశువుల లెక్కింపు కూడా ఉన్నాయి. సుమారు 4,000 ఏళ్ల నాటి ఆ లెక్కింపు నమూనాలో యజమాని పందిరి కింద కూర్చుంటే, లేఖకులు పక్కన రాసుకొంటుండగా, రంగురంగుల మచ్చల పశువులు అతని ముందు నుంచి నడుస్తుంటాయి. పరలోకంలోనూ తన మంద తనదిగానే ఉండాలన్నది ఆ బొమ్మల ఉద్దేశం. కొలువు మెట్లపై ఎద్దు పూజ అందుకోవడానికి కూర్చుంటుంది, మెకెత్రే ఎద్దు లెక్కకు రావడానికి నడుస్తుంది. రూపంలో ఎంత దగ్గరైనా భావంలో అవి ఎదురెదురు దిక్కులు.

లెక్క మాట వచ్చింది గనుక, అంకె కూడా ఒక ప్రతిమే అని చెప్పుకోవాలి. అది అన్ని ప్రతిమల్లోనూ బక్కచిక్కినది. అడవిలో మేసే పశువుకింత అని పుల్లరి, అంటే మేత పన్ను, వసూలు చేసిన తెల్లదొరల ప్రభుత్వానికి పల్నాటి మంద అంకెగానే కనబడింది. ఆ పన్నుకు ఎదురుతిరిగిన 1921-22 నాటి సత్యాగ్రహంలో మించాలపాడు వాడైన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. నేటి అంకెలు అంత క్రూరమైనవి కావు. చెవికి కుట్టిన పసుపు బిళ్లపై ఉండే 12 అంకెల సంఖ్య వల్ల ఏ పశువుకు టీకా పడిందో, ఏ పశువు ఎప్పుడు కట్టిందో తెలుస్తుంది. పాల కేంద్రంలో వెన్న శాతం చూడకుంటే రైతుకు న్యాయమైన ధర రాదు. చిక్కల్లా, ఆ అంకె పశువును గుర్తించే సాధనంగా మొదలై చివరకు పశువుకు బదులుగా నిలిచిపోవడంలో ఉన్నది. తెలుగు నేల నుంచి ఓడలెక్కిన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో విస్తరించింది; 2023లో అక్కడ వియాటినా-19 అనే ఆవుకు సుమారు 40 లక్షల డాలర్ల విలువ కట్టారు. ఆ స్థాయిలో ఆవు ప్రాణితనం కంటే దాని అరుదుదనమే సరుకవుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. పల్నాటి తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలలో పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని పశువు వయసును బట్టి విభాగాలు చేసి జోడెడ్లను దించుతారు. దుక్కీ రవాణా ట్రాక్టరుకు పోయిన తరువాత ఒంగోలు గిత్తను ఇంకా సాకుతున్నది ప్రధానంగా ఈ పోటీల మోజే అన్న వాదంలో నిజం ఉన్నది. తాను తినకపోయినా గిత్తకు ఉలవలు ఉడకబెట్టి పెట్టే రైతు అక్కడ కనిపిస్తాడు. గెలుపు కోసం ముల్లుకర్రతో పొడిచేవాడూ కనిపిస్తాడు. పశువు ఇద్దరికీ ప్రదర్శనే, కాని మొదటివానికి ఆ ప్రదర్శన సేవకు సాకు, రెండోవానికి పశువే ప్రదర్శనకు సాకు.

అసలు పోయిన తరువాత ప్రతిమ ఒక్కటే మిగిలితే ఏమవుతుందన్నది చివరి ప్రశ్న. దీనికి మాచర్ల దగ్గరలోనే సమాధానం ఉన్నది. 1955 డిసెంబరు 10న పునాది పడిన నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల ఇక్ష్వాకుల నాటి విజయపురి లోయ నీట మునిగింది. అంతకుముందు జరిపిన తవ్వకాలలో దొరికిన శిల్పాలను నాగార్జునకొండ ద్వీపపు మ్యూజియంలో ఉంచి, మునిగిన లోయనంతటినీ ఒక చిన్న నమూనాగా మలిచి, ఏ స్తూపం, ఏ విహారం ఎక్కడ ఉండేదో చూపించారు. విశేషమేమంటే ఆ లోయ శిల్పులు స్తూపపు పలకలపై స్తూపం ప్రతిమనే చెక్కారు. అసలు కళ్లెదుట నిలిచి ఉండగానే దాని నమూనాను దాని ఒంటిపైనే ఉంచి ఆరాధించారు. అప్పుడు ఆ ప్రతిమ అసలు వైపు చూపును నడిపింది. నేడు మ్యూజియంలోని నమూనా, లేని అసలును తలచుకోవడానికి మాత్రమే పనికివస్తున్నది. జోడెడ్ల బండి బొమ్మ కూడా ఎన్నో ఇళ్లలో ఈ రెండో దశకు చేరింది. బండి చూడని పిల్లలకు అది స్మారకం; స్మరణ మంచిదే గాని, దానికి మేత పెట్టే బాధ్యత లేదు.

కోటప్పకొండ స్థలపురాణం ఈ విచారణకు మరొక అర్థాన్ని జోడిస్తుంది. ఆనందవల్లి అనే గొల్లభామ కొండెక్కి రోజూ త్రికోటేశ్వరుని సేవించేదని, ఆమె కోరికపై స్వామి ఆమె వెంట దిగి రావడానికి ఒప్పుకొని వెనుదిరిగి చూడవద్దన్నాడని, ఆమె చూడడంతో అక్కడే గుహలో లింగమై నిలిచాడని కథ. నడిచి వస్తున్నంతసేపు దైవం సజీవం. వస్తున్నాడా లేదా అని కంటితో తేల్చుకోబోయిన క్షణాన శిల. పాడి కులంలో పుట్టిన ఆ భక్తురాలి సేవను తప్పుపట్టకుండా, ఆమెకూ కొండపై గుడి కట్టి కొలవడంలో పల్నాటి జనం చూపిన ఔదార్యం గమనించదగ్గది. సజీవమైనదానిని వశం చేసుకొని నిలిపి చూడాలన్న ఆరాటమే ప్రతిమను పుట్టిస్తుందని, అయినా ఆ ప్రతిమను సేవతో తిరిగి సజీవం చేసుకోవచ్చని ఆ కథకూ, ఆ గుడికీ కలిపి అర్థం చెప్పుకోవచ్చు.

ఇంతవరకు చూసినదానిని బట్టి, పశుపోషకుడు బొమ్మలు కూర్చుకోవడాన్ని మూఢత్వమనీ, మోజనీ కొట్టివేయడం తగదు. బ్రహ్మసూత్రం చెప్పిన దిశలో, తక్కువ నుంచి ఎక్కువ వైపుకు, కర్ర నుంచి ప్రాణం వైపుకు చూపును నడిపినంతకాలం కొలువు ధర్మానికి చేరువ మెట్టే. ఆ దిశ తప్పిందో లేదో తెలుసుకోవడానికి వట్టిపోయిన గేదె, పళ్లు ఊడిన ఎద్దు ప్రతి చావిడిలోనూ పరీక్షగా ఉంటాయి. వాటికి వెన్న శాతం లేదు, పోటీ విభాగం లేదు, సంతలో ధర లేదు. కొలువులోని ఎద్దుపై దుమ్ము తుడిచిన చేయి ఆ ముసలి ఎద్దు ముందు కుడితి బిందె పెడితే ఆ పూజ సార్థకం. పెట్టకపోతే వేమన వేసిన నిందకు ఆ ఇల్లు తగినదే.