రాజును ఎప్పుడు పడుకోబెట్టాలి?

చదరంగంలో ఓటమి ఒప్పుకోవడం తప్పేమీ కాదు. కట్టు పడేదాకా ఆడి తీరాలనే నియమం లేదు. ఎదుటివారికి గెలిచే దారి తెలుసని రూఢి అయ్యాక చెయ్యి కలిపి లేవడం మర్యాదే. మా పేచీ దానితో కాదు.

విజయవాడ పోటీలకు కృష్ణా డెల్టా ఊళ్ల నుంచి వచ్చే మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లలను చూస్తున్నాం. మంత్రి పోగానే కొందరు రాజును పడుకోబెట్టేస్తారు. ఎందుకురా అంటే, "వాడు కోచింగ్ పిల్లాడు సార్" అంటారు. అది బల్ల మీది లెక్క కాదు, ఎదుటివాడి బూట్లు చూసి వేసిన లెక్క.

అందుకని మేము ఒకటే అడుగుతాం. నువ్వు అటువైపు కూర్చుంటే ఈ ఆట ఎలా గెలుస్తావో చూపించు. చూపగలిగితే లేచి రావచ్చు. చూపలేకపోతే కూర్చో. చిన్నపిల్లల ఆటల్లో రాజు, మంత్రి చేతిలో ఉండి కూడా ఒంటరి రాజును కట్టలేనివాళ్లు చాలామంది. చెక్ ఇవ్వకుండానే, కదలడానికి గడి లేకుండా చేసేస్తారు. అది డ్రా. చేతిలో ఉన్న గెలుపులో సగం పోయినట్టే. పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 1997లో డీప్ బ్లూ కంప్యూటర్‌తో రెండో ఆటలో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. వరుస చెక్‌లతో డ్రా చేసుకొనే దారి ఉండిందని తరువాత విశ్లేషకులు చూపారు.

అలాగని ప్రతి ఆటనూ పట్టుకు వేలాడమనం. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ రాపిడ్ పోటీ మొదటి ఆటే ఓడింది. మొత్తం 11 ఆటల్లో 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది. 2019లో మాస్కోలోనూ ఆ టైటిల్ ఆమెదే. ఆట వదలడం వేరు, పోటీ వదలడం వేరు. పోయిన ఆటను తొందరగా ముగించి తరువాతి ఆటకు ఓపిక మిగుల్చుకోవడమూ తెలివే. కానీ ఆ నిర్ణయం ఆడేవాళ్లది. బస్సు వేళయిందని గుమ్మంలోంచి సైగ చేసే పెద్దలది కాదు.

లెక్కలు పోయాయని పదో తరగతితోనే చదువు ఆపి పీతల వేటకు వెళుతున్న మన పిల్లల్ని కూడా ఇదే అడుగుతున్నాం. మార్కుల కాగితం ముందు పెట్టి, ఎన్ని తక్కువయ్యాయో చూపించమంటున్నాం. సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకముందే.