అనుమానించడం తెలిసినవాళ్ళు

14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో ఇబ్న్ అల్-షాతిర్ అనే ఆయన పనిచేసేవాడు. నమాజు వేళలు లెక్కకట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. రోజూ సూర్యుడి ఎత్తు, నీడ పొడవు చూసుకునే ఆ మనిషికి ప్రాచీన ఖగోళవేత్త టాలెమీ చెప్పిన చంద్రుడు మింగుడుపడలేదు. టాలెమీ లెక్క ప్రకారం చంద్రుడు భూమికి అత్యంత దగ్గరగా వచ్చినప్పటి దూరానికీ, దూరంగా జరిగినప్పటి దూరానికీ మధ్య దాదాపు రెండింతల తేడా ఉండాలి. అదే నిజమైతే సగం చంద్రుడు ఒక్కోసారి పున్నమి చంద్రుడికి దాదాపు రెట్టింపు పెద్దగా కనపడాలి. అలా ఎన్నడూ కనపడడని డాబా ఎక్కి చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అయినా ఆ లెక్క వెయ్యేళ్ళకు పైగా చెల్లింది. చంద్రుడు ఆకాశంలో ఏ చోట ఉంటాడో అది బాగానే చెప్పేది కాబట్టి, ఎంత దూరంలో ఉంటాడన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు. ఇబ్న్ అల్-షాతిర్ పట్టించుకున్నాడు. చోటూ, దూరమూ రెండూ కుదిరేలా కొత్త లెక్క కట్టాడు.

1543లో అచ్చయిన కోపర్నికస్ గ్రంథంలో చంద్రుడి లెక్క దాదాపు అదే. ఈ సంగతి 1957 దాకా లోకానికి తెలియలేదు. ఆ ఏడాది విక్టర్ రాబర్ట్స్ అనే పరిశోధకుడు 'ఐసిస్' పత్రికలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ తర్వాత ఇలాంటివి ఇంకా బయటపడ్డాయి. 1259లో మరాఘాలో వేధశాల మొదలుపెట్టిన నసీరుద్దీన్ తూసీ, ఒక వృత్తం లోపల దానిలో సగం వెడల్పున్న మరో వృత్తాన్ని దొర్లిస్తే దాని అంచు మీది చుక్క తిన్నగా గీత గీసినట్టు ముందుకూ వెనక్కూ కదులుతుందని నిరూపించాడు. అదీ కోపర్నికస్ పుస్తకంలో ఉంది. తూసీ పటంలోని అరబ్బీ అక్షరాలకూ, కోపర్నికస్ పటంలోని లాటిన్ అక్షరాలకూ పోలిక ఉందని 1973లో విల్లీ హార్ట్‌నర్ చూపాడు. ఒక్కచోట మాత్రం పొంతన కుదరలేదు. అక్కడ అరబ్బీలోని 'జా' అక్షరాన్ని ఎవరో 'ఫా' అని పొరపాటుగా చదివి ఉంటారని ఒక ఊహ. కొందరు చరిత్రకారులు ఇది ఒప్పుకోరు. ఒకే చిక్కు ఎదురైతే ఇద్దరు వేర్వేరుగా ఒకే జవాబుకు రావచ్చు గదా అంటారు.

రావచ్చు. ఇంద్రధనుస్సు సంగతే చూడండి. 14వ శతాబ్దం తొలినాళ్ళలో పర్షియాలో కమాలుద్దీన్ ఫారిసీ, జర్మనీలో థియోడరిక్ ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే నీళ్ళు నింపిన గాజుగోళాన్ని వానచినుకు అనుకుని పరీక్షించి, దాదాపు ఒకే వివరణకు వచ్చారు. ఆ ఇద్దరికీ మూలం ఒక్కటే, ఇబ్న్ అల్-హైథమ్ రాసిన దృష్టిశాస్త్రం. కాబట్టి కోపర్నికస్ దొంగిలించాడా లేదా అన్న తగువు నాకు పెద్దది కాదు. ఆయన తన పుస్తకంలో అల్-బత్తానీని, థాబిత్ ఇబ్న్ ఖుర్రాను, ఇంకొందరిని పేర్లతో చెప్పుకున్నాడు కూడా. నన్ను బాధించేది వేరే ఉంది. మసీదులో నమాజు వేళలు చూసే ఉద్యోగి టాలెమీని తప్పు పట్టగలడన్న ఊహ అన్ని శతాబ్దాల పాటు చరిత్ర రాసేవాళ్ళలో ఎక్కువమందికి ఎందుకు రాలేదు?

డిగ్రీ పిల్లలకు కాంతి పాఠాలు చెప్పినన్నాళ్ళూ నా చేతిలో ఉన్న పుస్తకాల్లో చరిత్ర ఒక్క తీరుగానే నడిచేది. గ్రీకులు మొదలుపెట్టారు. తర్వాత చీకటి. ఆ చీకటిలో అరబ్బులు గ్రీకు గ్రంథాలను అనువదించి భద్రపరిచారు. తర్వాత యూరప్ మేలుకుని వాటిని తిరిగి తీసుకుంది. ఇందులో నింద లేదు, మెచ్చుకోలే ఉంది. అందుకే ఇది ఇంతకాలం నిలిచింది. మనం ఊరెళ్తూ పక్కింట్లో తాళాలిచ్చి వెళ్తాం. తిరిగొచ్చాక మంచిమాట చెప్పి తీసుకుంటాం. అంతేగాని మేం లేనప్పుడు మీరేం ఆలోచించారని పక్కింటివాళ్ళను అడగం. బాగ్దాద్, కైరో, మరాఘా, సమర్ఖండ్‌లను పడమటి లోకం చాలాకాలం ఆ పక్కింటి లెక్కలోనే చూసింది. దాచిపెట్టేవాడు దాచినదాన్ని అనుమానించడు. వీళ్ళు అనుమానించారు. మొత్తం విషయం నా దృష్టిలో అక్కడే ఉంది.

ఇబ్న్ అల్-హైథమ్ 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, కైరోలో ఎక్కువకాలం బతికాడు. కంటి నుంచి కిరణాలు బయల్దేరి వస్తువును తాకడం వల్లే మనకు చూపు అని యూక్లిడ్, టాలెమీ చెప్పారు. ఈయన ముందుగా సూర్యుణ్ణి చూడమన్నాడు. చూస్తే కన్ను నొప్పిపెడుతుంది. కన్ను తానే కిరణాలు పంపేదైతే దానికి నొప్పి ఎందుకు? తర్వాత ఒక చీకటి గది, దాని గోడకు చిన్న రంధ్రం. రంధ్రానికి ఎదురుగా బయట వరసగా కొన్ని దీపాలు. లోపలి గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపానికి చెయ్యి అడ్డం పెడితే ఒక్క మచ్చే పోతుంది, తీస్తే మళ్ళీ వస్తుంది. అంత ఇరుకు రంధ్రంలో కలిసి దూరినా వెలుగులు ఒకదానితో ఒకటి కలగాపులగం కావన్నమాట. నేను ఈ ప్రయోగాన్ని అట్టపెట్టె, మూడు కొవ్వొత్తులతో తరగతిలో చేయించేదాన్ని. ఖర్చు లేదు, పరికరం లేదు. వెయ్యేళ్ళ కిందటి వాక్యం ఒకటి పిల్లల కళ్ళముందే రుజువవుతుంది. అంతకంటే ఏ బిరుదూ ఆ మనిషికి పెద్దది కాదనిపించేది నాకు.

టాలెమీ మీద అనుమానాలు అనే పేరుతో ఆయన విడిగా ఒక పుస్తకమే రాశాడు. పెద్దల మాటను నమ్మడం సహజం, అందుకే సత్యం కావలసినవాడు తాను చదివే ప్రతి గ్రంథానికీ ఎదురు నిలబడి ప్రశ్నించాలి, తన బుద్ధినీ అలాగే ప్రశ్నించాలి అన్నది అందులో ఆయన పెట్టుకున్న నియమం. ఆయన దృష్టిశాస్త్రం 1200 ప్రాంతానికి లాటిన్‌లోకి వెళ్ళింది, 1572లో బాసెల్‌లో అచ్చయింది. రోజర్ బేకన్ నుంచి కెప్లర్ దాకా అందరూ దాని మీద ఆధారపడినవాళ్ళే. 1647లో హెవీలియస్ చంద్రుడి పటాల పుస్తకం వేసినప్పుడు ముఖచిత్రం మీద ఒకవైపు గెలీలియోను, మరోవైపు ఇబ్న్ అల్-హైథమ్‌ను నిలబెట్టాడు. ఆనాటి యూరప్‌కు ఆయన ఎవరో తెలుసు. మరిచిపోవడం తర్వాత జరిగింది. సామ్రాజ్యాలు పెరిగి, పాలించేవాడికి పాలించబడేవాడు ఎప్పుడూ వెనకబడినవాడుగానే కనపడవలసిన అవసరం వచ్చాక జరిగింది.

1883లో ఫ్రెంచ్ పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ సొర్బోన్‌లో ఇచ్చిన ఉపన్యాసం ఆ కాలపు మనసుకు అద్దం. ముస్లిం దేశాల్లో విజ్ఞానం పుట్టిందంటే అది ఇస్లాం వల్ల కాదు, ఇస్లాం ఉన్నా పుట్టింది అని ఆయన వాదన. దానికి పారిస్ పత్రికలోనే జవాబిచ్చినవాడు జమాలుద్దీన్ అఫ్ఘానీ. అంతకు కొన్నేళ్ళ ముందే ఆయన మన హైదరాబాదులో కొంతకాలం ఉన్నాడు. ఆయన జవాబు ఎంత నిజాయితీగా ఉంటుందంటే, ప్రతి మతమూ ఏదో ఒక కాలంలో ఆలోచనకు అడ్డుపడిందని, ఇస్లాం కూడా పడిందని ఒప్పుకుంటూనే, క్రైస్తవ సమాజానికి దొరికిన కాలవ్యవధి ఈ సమాజానికీ ఇవ్వండి అని అడుగుతాడు.

రెనాన్ మాటకు ఇంకో రూపం ఇప్పటికీ వినపడుతుంది. 1111లో చనిపోయిన అల్-గజాలీ తత్త్వవేత్తల్ని ఖండించాడు, దాంతో ముస్లిం విజ్ఞానం ముగిసిపోయింది అంటారు. తూసీ 13వ శతాబ్దం, ఇబ్న్ అల్-షాతిర్ 14వ శతాబ్దం. 1424లో పై (π) విలువను 16 దశాంశ స్థానాల దాకా తేల్చిన అల్-కాషీ 15వ శతాబ్దం. వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలతో 1437లో సమర్ఖండ్‌లో పట్టిక తయారుచేయించిన ఉలూగ్ బేగ్ సాక్షాత్తూ రాజు. గజాలీ తర్వాత మూడు వందల ఏళ్ళు బతికున్న విద్యకు గజాలీతోనే మరణ ధ్రువపత్రం రాయడం చరిత్ర కాదు.

ఇబ్న్ అల్-నఫీస్ కథ నాకు వీటన్నిటికంటే దగ్గరిది. గుండెలో కుడి గది నుంచి ఎడమ గదికి మధ్యగోడలోని కనపడని రంధ్రాల గుండా నెత్తురు ఇంకుతుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పాడు, ఇబ్న్ సీనా ఒప్పుకున్నాడు. 1242లో, ముప్పై నిండీ నిండని వయసులో, ఇబ్న్ అల్-నఫీస్ ఇబ్న్ సీనా గ్రంథానికి వ్యాఖ్యానం రాస్తూ ఆ గోడ మందంగా ఉంటుంది, అందులో రంధ్రాల్లేవు, కాబట్టి నెత్తురు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి గాలితో కలిసి ఎడమ గదికి రావాలి అని తేల్చాడు. యూరప్‌లో సెర్వెటస్ ఆ మాట అచ్చువేసింది 1553లో. ఇబ్న్ అల్-నఫీస్ రాతప్రతి ఒకటి బెర్లిన్ గ్రంథాలయంలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. 1924లో ముహ్యిద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్యుడు ఫ్రైబుర్గ్‌లో తన పరిశోధన కోసం దాన్ని చదివి ఈ సంగతి బయటపెట్టాడు. ఆ ప్రతిని దాచి ఉంచింది యూరప్ గ్రంథాలయం, చదివింది ఒక ఈజిప్టు మనిషి. దాచడం, చదవడం రెండూ వేర్వేరు పనులని ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

పడమర అంతా ఒకే ముద్ద కాదని కూడా చెప్పాలి. జార్జ్ సార్టన్ విజ్ఞాన చరిత్ర రాయడానికి అరబ్బీ నేర్చుకున్నాడు. 750 నుంచి 1100 దాకా ఉన్న ప్రతి అర్ధశతాబ్దానికీ ముస్లిం ప్రపంచంలోని ఒక పండితుడి పేరు పెట్టాడు. బీరూట్‌లో పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్ కెనెడీ జీవితమంతా అరబ్బీ రాతప్రతుల్లోనే గడిపాడు. ఇటువైపు లోపాలూ ఉన్నాయి. 1979లో నోబెల్ అందుకున్న అబ్దుస్సలాం అహ్మదీ కావడం వల్ల, ఆయన సమాధి రాయి మీద 'ముస్లిం' అన్న మాటను సొంత దేశం పాకిస్తాన్‌లోనే చెరిపేశారు. బతికున్న మేధావిని ఒప్పుకోలేని చోట వెయ్యేళ్ళ కిందటివాళ్ళ గొప్ప చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? అన్నీ మావాళ్ళే ముందు కనిపెట్టారనే జాబితాలూ అంతే. ఇబ్న్ అల్-హైథమ్ కెమెరా చేశాడని చెప్పేవాడు ఆయన నిజంగా చేసిన దీపాల ప్రయోగాన్ని చదివి ఉండడు. ఆర్యభట, సుశ్రుతుల పేర్లతో మనమూ ఇలాగే మాట్లాడుతుంటాం. పొగిడితే చాలు, చదవనక్కర్లేదు అనుకోవడం వాళ్ళకూ మనకూ ఉన్న ఉమ్మడి జబ్బు.

నిజానికి ఆ పండితులు అప్పు దాచుకున్న మనుషులు కారు. అల్-ఖ్వారిజ్మీ అంకెల మీద రాస్తూ ఇవి హిందువుల లెక్కలని చెప్పే మొదలుపెట్టాడు. అల్-బిరూనీ 1030 ప్రాంతంలో మన దేశం గురించి రాసినప్పుడు సంస్కృతం నేర్చుకుని మరీ రాశాడు, నచ్చనివి నచ్చలేదనీ రాశాడు. స్పెయిన్‌లోని టొలెడోలో కాజీగా పనిచేసిన సాయిద్ అల్-అందలూసీ 1068లో విద్యను సాగుచేసిన జాతుల వరస చెబుతూ భారతదేశాన్ని మొదట పెట్టాడు. బాగ్దాద్‌లో అనువాదాలు చేసిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు, థాబిత్ సాబియన్ మతస్థుడు. ఆ మతాలన్నీ ఒకే పనిలో కలిసి కూర్చున్నాయి. ముస్లింల విజ్ఞానం అని మనం అనేటప్పుడు ఆ కూర్చున్నవాళ్ళందరూ అందులో ఉండాలి.

ఒక విదేశీ పుస్తకంలో అధస్సూచికలు చదువుతుంటే ఫారిసీ గ్రంథం పక్కన 'హైదరాబాద్' అని కనపడింది. ముందు పాకిస్తాన్‌లోని హైదరాబాదేమో అనుకున్నా. కాదు, మనదే. 1888లో ఇక్కడ మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ (ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది) అరబ్బీ రాతప్రతులను పోల్చి, సరిచూసి అచ్చువేస్తూ వచ్చింది. ఇంద్రధనుస్సు వివరణ ఉన్న ఫారిసీ వ్యాఖ్యానం 1928 నుంచి రెండు సంపుటాలుగా, ఇబ్న్ అల్-హైథమ్ చిన్న గ్రంథాలు ఆ తర్వాతి దశాబ్దంలో, అల్-బిరూనీ ఖగోళ మహాగ్రంథం 1954-56లో మూడు సంపుటాలుగా, అల్-రాజీ వైద్య సర్వస్వం 1955 నుంచి ఇరవైకి పైగా సంపుటాలుగా ఇక్కడి నుంచే వచ్చాయి. కెనెడీ లాంటివాళ్ళు ఎక్కడ కూర్చుని పనిచేసినా వాళ్ళ బల్లల మీద హైదరాబాదు అచ్చు ఉండేది. పడమటివాళ్ళు మరిచిపోయారని కోప్పడే హక్కు మనకు సగమే ఉంది. మన ఊరు చేసిన పని మన పిల్లలకే తెలియదు.

ఆ ఉస్మానియా ఆవరణలోనే భౌతికశాస్త్ర విభాగం ఉంది, అరబ్బీ విభాగమూ ఉంది. పాతబస్తీ మదరసాల్లో అరబ్బీ చక్కగా చదవగల పిల్లలు ఉన్నారు. భౌతికశాస్త్రం వచ్చిన తెలుగు అధ్యాపకులకు కొదవ లేదు. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఇబ్న్ అల్-హైథమ్ దీపాల అధ్యాయం తెలుగులో చదువుకోవచ్చు, ఫారిసీ గాజుగోళం తెలుగు బడిలోకి రావచ్చు. విశ్వవిద్యాలయాలూ, అకాడమీలూ పూనుకుంటే మంచిదే. వాళ్ళు పూనుకునేదాకా ఆగనక్కర్లేదు. అరబ్బీ వచ్చిన ఒకరు, సైన్సు వచ్చిన ఒకరు ఈ వ్యాసం చదువుతుంటే, దయచేసి ఒకరినొకరు వెతుక్కోండి.