వండిన కూడుకు వెల కట్టవచ్చా?

మా ఇంటికి బండి వచ్చిన రోజున తాత అన్నం తినలేదు.

బండి అంటే పాత ట్రాలీ ఆటో. ఎస్.కోటలో ఎవరో అమ్ముతుంటే, అల్లం పంట మీద వచ్చిన డబ్బులూ, అమ్మ వెండి కడియాలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బులూ కలిపి నాన్న కొన్నాడు. వెనక తొట్టికి రేకు కప్పు వేయించి, పక్కకు తెరుచుకునే చెక్క పలక బిగించాడు. అనంతగిరి ఘాటు మీదుగా అరకు వెళ్లే రోడ్డు పక్కన చెట్టు కింద నిలిపితే అదే మా హోటలు. పట్నం వాళ్లు ఇలాంటి వాటిని ఇప్పుడు ఫుడ్ ట్రక్కు అంటున్నారు. మాకు మాత్రం అది బండే. మేము ముగ్గురు పిల్లలం ఆ బండి చక్రాల పక్కనే పెరిగాం, దాని నీడలోనే ఎక్కాలు చదువుకున్నాం.

"వండిన కూడు అమ్ముకుంటామేటిరా? ఇంటికొచ్చినోడి దగ్గర డబ్బులు అడుగుతామా?" అన్నాడు తాత.

"ఇది ఇల్లు కాదయ్యా, రోడ్డు" అన్నాడు నాన్న.

ఆ రెండు మాటల మధ్యే మా బాల్యమంతా గడిచింది. తాతది చాదస్తం అని చాలా కాలం అనుకున్నాం. ఇప్పుడు మాలో ఇద్దరం ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాం, ఒకరు బండి నడుపుతున్నారు. "వ్యాపారం చేస్తే మనం కూడా షావుకార్లలా అయిపోతామా?" అని మొన్న ఒక పదో తరగతి పిల్ల అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు పని ఎలా ఉంటుందో చెప్పాలి. బొంగు చికెన్ గురించి వీడియోలు చూసినవాళ్లే గాని, ఆ పొగలో నిలబడినవాళ్లు తక్కువ. నాన్న తెల్లవారకుండానే కత్తి పట్టుకుని వెదురుకు వెళ్లేవాడు. ఒక పొదలో ఒకటో రెండో నరికి పక్క పొదకు పోయేవాడు. ఆ ఏడు పుట్టిన పిలకల జోలికి వెళ్లేవాడు కాదు. ఎండిన బొంగు పనికిరాదు, నిప్పు మీద పెట్టగానే అంటుకుంటుంది. పచ్చి బొంగులో ఉన్న తడీ, మాంసంలో ఊరే నీరూ కలిసి కోడిని ఉడికిస్తాయి. అందుకే నూనె చుక్క అక్కరలేదు. ఒక కొన కణుపుతో మూసుకునేలా కోసి, ఉప్పూ కారం పసుపూ అల్లం వెల్లుల్లీ పట్టించిన అరకిలో మాంసాన్ని అందులో కూరి, మూతికి అడ్డాకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉండాలి. అరగంటకు తక్కువ కాదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మంట పెంచితే బొంగు బయట బొగ్గవుతుంది గాని లోపల ఎముక దగ్గర నెత్తురు అలాగే ఉంటుంది.

రైలుకు టైమవుతోందని, వంద ఎక్కువిస్తాం తొందరగా కానివ్వమని ఒకాయన నాన్నను బతిమాలాడు. "వంద నాకిస్తావు బాబూ, నిప్పుకేటిస్తావు?" అన్నాడు నాన్న. ఆయన నవ్వేసి రైలు వదిలేసుకున్నాడు. అందరూ అలా నవ్వరు. తిట్టి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, అప్పుడు ఆ బొంగులు మేమే తిన్నాం. మాకు ఆ రోజులు పండగ.

ఉపాధ్యాయులకు ఒక మాట. మాలో చిన్నవాడు బడిలో లెక్కల్లో తప్పాడు. అదే వాడు ఆదివారం బండి దగ్గర మూడు కార్ల లెక్క ఒకేసారి నోటితో వేసి చిల్లర ఇచ్చేవాడు. బడిలో ఆ సంగతి వాడిని ఎవరూ అడగలేదు, వాడు చెప్పనూ లేదు. మీ తరగతిలో సంతకు వెళ్లే పిల్లలు ఎవరో ఒకసారి అడిగి చూడండి.

ఇక తాత మాటకు వద్దాం. ఆయన చెప్పింది ఉత్త మొండితనం కాదు. మా ఊళ్లలో వండిన కుండ దగ్గరికి వచ్చినవాడు చుట్టం. అంబలి అయినా, సామ అన్నం అయినా అతని ముందు ఒక ఆకు పడుతుంది. ఎంత తిన్నాడో ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెడితే చుట్టరికం చెడిపోతుందని ఆయన భయం. అలాగని మనవాళ్లకు దారిన పోయేవాళ్ల దగ్గర డబ్బులు పుచ్చుకోవడం తెలియదనీ కాదు. ఇటుకల పండుగ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, బళ్లు ఆపి, పాడి, ఆడి, డబ్బులు వసూలు చేస్తారు. తాత అది చూసి మురిసిపోయేవాడు. అది ఊరి సరదా, బదులుగా ఏదీ తూచి ఇవ్వం కదా అనేవాడు.

కానీ తాతకు కూడా అమ్మకం కొత్త కాదు. జీవితమంతా చింతపండూ, పిప్పళ్లూ, అల్లం కావిడిలో మోసుకెళ్లి సంతలో దించినవాడే. షావుకారు చెప్పిందే తూకం, షావుకారు పెట్టిందే ధర. అడవి సరుకు దళారుల పాలు కాకుండా కొనాలనే 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టారు. ఆ డిపో దాకా చేరని సరుకు మాత్రం షావుకారు తక్కెడలోనే పడేది. పచ్చి సరుకుగా మా కష్టాన్ని చవకగా అమ్ముకోవడం తాతకు తప్పనిపించలేదు, అది అలవాటైపోయింది. అదే కష్టాన్ని వండి, మేమే ధర చెప్పి, మా చేత్తోనే డబ్బులు పుచ్చుకోవడం తప్పనిపించింది. ఈ సంగతి నాన్న ఒకసారి తాతకు నెమ్మదిగా చెప్పాడు. తాత చాలాసేపు చుట్ట కాల్చి, "అల్లం నన్ను ఆకలేస్తుందని అడగదురా" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి మాకు ఒక తప్పు చేయవలసి వచ్చింది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం. వలిసె పూలు విరగబూశాయి, రోడ్డంతా కార్లు. 2017లో విశాఖ నుంచి అద్దాల రైలు పెట్టె వచ్చాక జనం ఇంకా పెరిగారు. నాన్న బొంగులు చాలక మళ్లీ కొండకు వెళ్లాడు. అమ్మకు ఒంట్లో బాగోక ఇంట్లోనే ఉంది. బండి మా ముగ్గురి చేతుల్లో ఉంది. అప్పుడు మా ఊరి పెద్దమ్మ, వరసకు పెద్దమ్మే, మనవణ్ని ఆసుపత్రికి చూపించి తిరిగి నడిచి వస్తూ చెట్టు కింద కూలబడింది. మేము చూశాం. పలకరించాం కూడా. మంచినీళ్లు ఇచ్చాం. కానీ నిప్పుల మీద ఉన్న బొంగులన్నీ ఎవరెవరివో అప్పటికే లెక్క అయిపోయింది. ఆమెకు ఒకటి ఇస్తే ఒక కారు వాళ్లు అరుస్తారు. పిల్లవాడు బొంగుల వంక చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆమె కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు తీసి, "ఒకటెంతమ్మా?" అని అడిగింది.

మేము ధర చెప్పాం. డబ్బులు తీసుకున్నాం.

అప్పుడు ఆమెకు వెంటనే బొంగు దొరికింది. అదే విచిత్రం. చుట్టంగా కూర్చున్నంతసేపూ దొరకని బొంగు, డబ్బులివ్వగానే వరసలో ముందుకొచ్చింది. పిల్లవాడు తిన్నాడు. ఆమె తినలేదు.

సాయంత్రం లెక్క చూసుకుంటూ మేమే నాన్నకు చెప్పాం. దాచాలని కూడా తోచలేదు, అంత మామూలుగా అనిపించింది. నాన్న కోప్పడలేదు. ఆ నోట్లు విడిగా తీసి, రాత్రే ఆమె ఇంటికి నడిచి వెళ్లాడు. మమ్మల్నీ తీసుకెళ్లాడు. ఆమె డబ్బులు తీసుకోలేదు. "అమ్మినారు, కొన్నాను. అందులో తప్పేటుందిరా?" అంది. గొంతులో కోపం లేదు. మాకు అదే భరించలేనంతగా అనిపించింది. డబ్బు తిరిగి ఇచ్చేస్తే సరిపోతుందని మేము అనుకున్నాం. కానీ డబ్బు తిరిగి ఇవ్వడం కూడా లెక్కే. ఆమె ఆ లెక్కలోకి రానంది. ఒకసారి ధర చెప్పాక ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి దారి లేదు.

తరవాత నాన్న ఏం చేశాడంటే, వరి కోతల్లో రెండు రోజులు బండి ఆపేసి మా ఇంటిల్లిపాదినీ ఆమె మడికి సాయం తీసుకెళ్లాడు. సీజనులో రెండు రోజులంటే మా ఇంటికి చిన్న నష్టం కాదు. మధ్యాహ్నం ఆమె మాకు అంబలి పోసింది, ఎండుచేపల పులుసు పెట్టింది, కడుపు పట్టనంత పెట్టింది. ఇప్పుడు మళ్లీ మేమే ఆమెకు బాకీ. నాన్న ముఖంలో చాలా రోజులకు నవ్వు కనిపించింది.

తాత భయపడింది దీనికేనని మాకు తోచింది. అమ్మకం దానంతట అది చెడ్డది కాదు. అయితే దానికి ఒక స్వభావం ఉంది, ఎదురుగా ఎవరున్నారో చూడనివ్వదు, ఎవరి వంతో మాత్రమే చూడమంటుంది. ఆ రోజు నుంచి రెండు బొంగులు లెక్కలో లేకుండా నిప్పుల మీద పెట్టడం మా బండికి అలవాటైంది. అవి ఎవరివో ముందు తెలియదు. కొన్నిసార్లు ఊరివాళ్లవి, కొన్నిసార్లు లారీ క్లీనరువి, చాలాసార్లు మావే. దీన్ని దానధర్మం అనుకుని మెచ్చుకోకండి, నష్టం లెక్కలో రాసుకుంటాం.

మా దగ్గర కొనడానికి వచ్చినవాళ్లు బొంగులతో ఆగేవారు కాదు. చెల్లికి థింసా చీర కట్టించి పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంటాం, ఎంత అని అడిగేవారు. వలిసె చేలల్లో ఫోటోలకు కొందరు రైతులు పదో ఇరవయ్యో తీసుకుంటారు. అది తొక్కిడికి నలిగిన పంటకు పరిహారం, అడగడం న్యాయమే. ఈ ఫోటో అలాంటిది కాదు. చెల్లి ఒకసారి ఒప్పుకుంది, మేళాకు డబ్బులు కావాలని. రెండోసారి అడిగితే లోపలికెళ్లి గిన్నెలు తోముతూ కూర్చుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. థింసా అమ్మవచ్చా అన్న దానిపై మాలో మాకు ఇప్పటికీ ఒకే మాట లేదు. వేదిక మీద ఆడి డబ్బు తీసుకునే బృందాలను తప్పుపట్టే హక్కు మాకు ఉందనుకోం.

అన్నిటికన్నా పెద్ద బేరం తరవాత వచ్చింది. మైదానం నుంచి వచ్చిన ఒక వ్యాపారి, రోడ్డు పక్కనున్న మా చెక్క భూమిలో గదులు కడతానన్నాడు. కాగితాల మీద అన్నీ నాన్న పేరే ఉంటాయి, నెలనెలా డబ్బు వస్తుంది, బండితో పని లేదు అన్నాడు. ఎందుకు నాన్న పేరు కావలసి వచ్చిందో యువతకు తెలిసి ఉండాలి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు, దాన్నే మనం 1/70 అంటాం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదలాయిస్తే అది చెల్లదు. భూమి కొనలేనివాడు పేరు అద్దెకు అడుగుతాడు. ఆ మాట అనకుండా, "భాగస్వామ్యం" అంటాడు.

అప్పుడు అమ్మ ఆపరేషనుకు డబ్బు కావాలి. నాన్న ఒక వారం నిద్రపోలేదు. చివరికి వద్దన్నాడు. కారణం అడిగితే, "కోడిని అమ్మితే రేపు ఇంకో కోడిని కొంటాను. పేరు ఇచ్చేస్తే రేపు పొద్దున్న బండి దగ్గర నిలబడేది ఎవరు?" అన్నాడు. అల్లం తోట తాకట్టులోకి వెళ్లింది. అది విడిపించుకోవడానికి మాకు నాలుగేళ్లు పట్టింది.

చిన్నాన్న సంతకం పెట్టాడు. ఆయన కూతురికి నర్సింగు ఫీజు కట్టాలి. ఆ పిల్ల చదివింది, ఉద్యోగం చేస్తోంది, ఇంటికి డబ్బు పంపుతోంది. మా నాన్న ధర్మాత్ముడు, చిన్నాన్న అమ్ముడుపోయాడు అని పిల్లలకు పాఠం చెప్పడం మా వల్ల కాదు. చిన్నాన్న పేరు మీద ఉన్న ఆ గదుల గేటు దగ్గర ఇప్పుడు చిన్నాన్నే కాపలా. లోపల కుర్చీలో కూర్చోడు.

రాత్రిళ్లు గదుల్లో దిగినవాళ్లకు బొంగులు కావాలంటే ఆయనే మా బండి దగ్గరికి వస్తాడు. ఎన్నో చెప్పి, డబ్బులు లెక్కపెట్టి పలక మీద పెడతాడు. నాన్న ఆ డబ్బులు తీసుకుంటాడు, ఒక్క రూపాయి తగ్గించడు. తరవాత లెక్కలో లేని బొంగు ఒకటి చీల్చి, అడ్డాకులో వేసి, చిన్నాన్న ముందు పెడతాడు. ఒక్కోసారి ఆయన అక్కడే కూర్చుని తింటాడు. ఒక్కోసారి పిన్నికని మూటకట్టుకుంటాడు. ఒక్కోసారి, ఆకలి లేదురా అని చెప్పి, గేటు వైపు వెళ్లిపోతాడు.